కోసింది, ఏరింది, చేసింది



ఏప్రిల్ మూడో వారం. పొద్దున్న ఎనిమిది కాకముందే ఎండ చురుక్కుమంటోంది. ఒంటిపూట బడి. పరీక్షలైపోయాయి. పేపర్లు దిద్దడమూ అయిపోయింది. ప్రోగ్రెస్ కార్డుల్లో మార్కులు ఎక్కించడం ఒక్కటే మిగిలింది. ఏప్రిల్ 23 ప్రాంతంలో బడి మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ 12న.

ఈ మధ్యలో నాలుగైదు రోజులుంటాయి చూడండి, వాటికి టైంటేబుల్ ఉండదు. పాఠం చెబుతానంటే పిల్లలు వినరు. నిజం చెప్పాలంటే చెప్పాలని మనకీ ఉండదు. పోనీ ఇంటికి పొమ్మంటే ఒక్కడూ కదలడు. ఏడాదంతా ఎప్పుడెప్పుడు గంట కొడతారా అని చూసే పిల్లలే, ఆ నాలుగు రోజులూ గంట కొట్టినా వరండాలో వేలాడుతుంటారు.

ఆ నాలుగు రోజుల గురించి మీతో మాట్లాడదామని వచ్చాను. ముఖ్యంగా ఏడాది చివర పిల్లలు టీచరుకి తెచ్చే కానుకల సంగతి.

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఇప్పుడు రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనే గడిచింది. కవిటి, సోంపేట, మందస, పలాస, ఆ చుట్టుపక్కలంతా ఉద్దానమే. కొబ్బరి తోటలు, జీడి తోటలు, నడుమ నడుమ పనస చెట్లు. సరిగ్గా బడి మూసే రోజులకే జీడిపళ్ళు పండుతాయి. చొక్కా మీద జీడి మరక లేని పిల్లవాడు కనిపిస్తే వాడికి ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ మరక వాళ్ళమ్మ ఎంత ఉతికినా పోదు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఐదో తరగతి పిల్లలు హైస్కూలుకి వెళ్ళిపోతున్నారు. చివరి రోజు ఒక్కొక్కరే వచ్చి నా బల్ల మీద ఏదో ఒకటి పెడుతున్నారు. ఒకరు పెన్ను. ఒకరు గాజుల పెట్టె. ఒకరు గోడ గడియారం, వాళ్ళ నాన్న విశాఖపట్నం వెళ్ళినప్పుడు తెచ్చాట్ట. నాకు సంబరంగా ఉంది. కొత్త కదా! ఒక్కొక్కటీ విప్పి అందరికీ చూపించాను. ‘అబ్బ, ఎంత బాగుందో’ అన్నాను. చప్పట్లు కొట్టించాను.

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ జీడిపిక్కలు కొట్టే కూలికి వెళ్ళేది. ఆ అమ్మాయి బల్ల దగ్గరికి రాలేదు. కాసేపు తలుపు వెనక నిలబడింది. తర్వాత మంచినీళ్ళకని బయటికెళ్ళింది. మళ్ళీ లోపలికి రాలేదు. ఆ రోజే గ్రూపు ఫొటో తీయించాం. ఫొటోలో ఆ అమ్మాయి లేదు. లేదన్న సంగతి ఫొటో కడిగించి చేతికొచ్చాక గాని నేను చూసుకోలేదు.

ఆ ఫొటో ఇంకా నా దగ్గరుంది. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది.

మరుసటేడు ఏం చేశానో చెప్పనా? ‘ఎవరూ ఏమీ తేవడానికి వీల్లేదు’ అని హుకుం జారీ చేశాను. సమస్య తీరిపోయిందనుకున్నాను. అయినా తెచ్చారండీ. పుస్తకాల సంచి అడుగున దాచి తెచ్చారు. ఒక కుర్రాడు మల్లెపూల పొట్లం తెచ్చాడు. నేను వద్దన్నాను కాబట్టి ఇవ్వలేడు. వాళ్ళమ్మ కట్టి ఇచ్చింది కాబట్టి వెనక్కి పట్టుకుపోలేడు. పన్నెండింటి దాకా గుప్పిట్లో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పూలు గోధుమరంగుకి తిరిగిపోయాయి. ఇవ్వలేని పిల్లకి ఒక ఏడు బాధ పెట్టాను. ఇవ్వాలనుకున్న పిల్లవాడికి మరో ఏడు.

మూడో ఏడు ఒక మాట దొరికింది. దాన్నే నా సర్వీసంతా వాడుకున్నాను. పిల్లలకి ఏం చెప్పానంటే, ‘కొన్నది తేవద్దు. కోసింది తెండి. ఏరింది తెండి. చేసింది తెండి.’

మళ్ళీ చెబుతున్నాను, వినండి. కొన్నది వద్దు. కొమ్మ నుంచి కోసింది సరే. దారిలో ఏరింది సరే. చేత్తో చేసింది సరే. డబ్బు పెట్టి కొన్నది మాత్రం, రూపాయి పెన్సిలైనా, వద్దు.

ఆ ఏడు నా బల్ల చూడాలి మీరు! ముంజెకాయల బండి వచ్చింది. రెండు బుర్రల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి, క్లాసులోకి తోసుకుంటూనే తెచ్చారు. సముద్రపొడ్డున ఏరిన గవ్వలొచ్చాయి. గురివింద గింజలొచ్చాయి. కాకి ఈక ఒకటి వచ్చింది, తెచ్చినవాడు దాన్ని సుద్ద నీళ్ళలో ముంచి తెల్లకాకిని చేశాడు. కొబ్బరాకు బూరలు నాలుగొచ్చాయి, నాలుగూ ఒకేసారి ఊదారు. గడియారం కూడా వచ్చింది, కొబ్బరాకుతో అల్లిన చేతి గడియారం. ముల్లే లేదు కాబట్టి అది ఆగిపోతుందన్న బెంగ లేదు.

అందరూ తెచ్చారు. ఒక్కరు కూడా తలుపు వెనక నిలబడలేదు.

అయితే ప్రతి చట్టానికీ సవరణలు తప్పవు కదా. ఆ సాయంత్రం ఊళ్ళో పెద్దాయన ఒకాయన చేతికర్రతో మా ఇంటికొచ్చాడు. ‘ఏటి టీచరమ్మా, మా మామిడికాయలు కొయ్యమని మీరే సెప్పినారట!’ అన్నాడు. తీరా కనుక్కుంటే, బడిలో నా బల్ల మీదికి వచ్చిన నవనవలాడే పచ్చి మామిడికాయలు ఏడూ ఆయన చెట్టువే. ఆ పైఏటి నుంచి నిబంధన మార్చాను. ‘కోసింది’ కాదు, ‘అడిగి కోసింది’.

నా నిబంధనకి తోడు ఒక పుస్తకంలో దొరికింది. జపాన్‌లో టొమోయె అని ఒక చిన్న బడి ఉండేది. టోక్యోలో. 1937లో మొదలైంది, 1945లో బాంబుల మంటల్లో కాలిపోయింది. అక్కడ చదివిన తెత్సుకో కురొయనాగి ఆ బడి గురించి రాసిన ‘టోటోచాన్’ని తెలుగులో ‘రైలుబడి’ పేరుతో చాలామంది చదివే ఉంటారు. ఆ బడి ఆటల పోటీల్లో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి గారు బహుమతులుగా కప్పులూ మెడల్సూ ఇవ్వలేదు. కూరగాయలిచ్చాడు! మొదటి బహుమతి ఒక పెద్ద ముల్లంగి. ఇంకొకరికి పాలకూర కట్ట. వాటిని పట్టుకుని వీధిలో నడవడానికి పిల్లలు సిగ్గుపడ్డారు. అప్పుడాయన, రాత్రికి అమ్మ చేత వండించుకోండి, మీరు సంపాదించిన కూరతో ఇంటిల్లిపాదీ తింటారు అని సర్దిచెప్పాడు. అది చదివినప్పుడు నాకు కొబయాషి గారు మా మండలంలో పక్క బడి హెడ్మాస్టరులా అనిపించాడు. వస్తువు పిల్లవాడి చేతికి లొంగాలి. వాడికి దాని సంగతి తెలిసుండాలి. ముల్లంగి సంగతి పిల్లవాడికి తెలుసు. గోడ గడియారం సంగతి వాళ్ళ నాన్నకే తెలుసు.

మనకి మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు కొత్తా ఏమిటి? వీధిబడి రోజుల్లో దసరా వస్తే అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లల చేతుల్లో రంగురంగుల విల్లంబులు. పద్యాలు, పాటలు. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ మీద పూలరేకులు, బుక్కా చల్లడం. అయ్యవారికి ఇంత సొమ్ము, పిల్లలకి పప్పుబెల్లాలు. మా నాయనమ్మ ఈ వైభోగమంతా కళ్ళకు కట్టినట్టు చెప్పేది. కాని దాన్ని కృతజ్ఞత అందామంటే నాకు మనసొప్పదు. అది అయ్యవారి జీవనం. సర్కారు జీతం లేని మనిషి పిల్లల పాటతో బతుకు గడుపుకోవడం. ఏ ఇంట్లో ఎంత ఇచ్చారో అయ్యవారికి తెలుసు. తెల్లారితే ఆ ఇంటి పిల్లవాడు ఆయన ఎదుటే కూర్చుంటాడు. చిక్కంతా అక్కడుంది. నాకు ఆ పండగలో నచ్చేది పప్పుబెల్లాలే. అవి పిల్లలందరికీ ఒకే గుప్పెడు.

ఆ చిక్కు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది. పట్నాల్లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటుంది కదా. ‘క్లాస్ టీచర్ గిఫ్టుకి తలా ఐదొందలు ఫోన్‌పే చేయండి’ అని ఒకరు పెడతారు. ‘పెయిడ్’ అని ఒక్కొక్కరే రాస్తుంటారు. సాయంత్రానికి ఎవరు రాయలేదో గ్రూపంతటికీ తెలుస్తుంది. నా దృష్టిలో ఆ ‘పెయిడ్’ అన్న మాటే నేటి తలుపు. దాని వెనక నిలబడిన తల్లి ఎవరో మనకి కనబడదు, అంతే తేడా.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది, మాసచూసెట్స్ రాష్ట్రంలో. అక్కడ బడి జూన్‌లో మూస్తారు. మంచు కురిసి సెలవిచ్చిన రోజులుంటే వాటిని కూడా చివర్లోనే పూడుస్తారు. మా మనవడి బడికి వెళ్ళినప్పుడు నేనొక సంగతి తెలుసుకున్నాను. సర్కారు బడి టీచరుకి క్లాసంతా కలిసి ఇచ్చే కానుక ఏడాదికి 150 డాలర్లు దాటకూడదని అక్కడ నియమం. అది పెద్ద విషయం కాదు, ప్రభుత్వ టీచర్లు బహుమతులు పుచ్చుకోవడానికి మన దగ్గరా హద్దులున్నాయి. నాకు నచ్చింది రెండో నియమం. అందులో ఎవరు ఎంత వేశారో, అసలు ఎవరు వేశారో టీచరుకి చెప్పకూడదు. ‘క్లాసు నుంచి’ అని మాత్రమే ఇవ్వాలి. పేరు లేదు, లెక్క లేదు. వినగానే మా అమ్మాయితో అన్నాను, ‘మీ వాళ్ళెవరో నా గోడ గడియారం కథ విన్నట్టున్నారే!’ అని.

సరే, కానుకలు పక్కన పెడదాం. ఆ నాలుగు రోజులూ పిల్లల చేత ఏం చేయించాలి? కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నన్ను ఇదే అడుగుతారు. నేను పెద్ద జాబితా చెప్పను. గోడల మీది చార్టులు పిల్లల చేతే విప్పించండి. ఏడాదంతా వాళ్ళు చూసిన బొమ్మలు, ఎవరికి ఏది కావాలంటే అది ఇచ్చేయండి. ఎక్కాల చార్టు ఎవరూ అడగరు, దానికి మీరు బాధపడకండి. ఇంకొకటి నాకు చాలా ఇష్టం. ఐదో తరగతి పిల్లల చేత నాలుగో తరగతి వాళ్ళకి ఉత్తరాలు రాయించేదాన్ని. ‘మీరు వచ్చే ఏడు ఈ క్లాసులో కూర్చుంటారు, మీకు మేం చెప్పేదేమిటంటే’ అని మొదలుపెట్టమనేదాన్ని. ఎంత పనికొచ్చే సంగతులు రాసేవారో! ‘కిటికీ పక్కన డబ్బా పెట్టొద్దు, కోతులొస్తాయి.’ ‘మూడో బెంచీకి మేకు ఉంది, నిక్కరు చిరుగుతుంది.’ ‘టీచరు కోపంగా ఉంటే చెట్ల గురించి అడగండి, మర్చిపోతుంది.’ ఈ చివరిది చదివి నేను రెండు రోజులు ఆలోచించాను.

ఒక ఏడు బోర్డు మీద ‘ఈ ఏడాది మనకి మేలు చేసింది ఎవరు?’ అని రాశాను. అందరూ టీచర్ల పేర్లే చెప్పారు. ఊహించిందే. ఇంతలో రెండో వరసలో ఒక అమ్మాయి, ‘అన్నం ఎవులు పెట్టినారు మరి?’ అంది.

నిజమే కదండీ. మన బళ్ళలో మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్ళకి వేళ కాని వేళలో కూడా వండి పెట్టిన తల్లి. ఆమె పేరు పిల్లలకి చెబుతాం. మంచిదే. బడి వెనక రేకుల షెడ్డులో, ఏప్రిల్ ఎండలో, పొయ్యి ముందు కూర్చుని అరవై మందికి వండే మనిషి పేరు మాత్రం పిల్లల్లో సగం మందికి తెలియదు. ‘వంటామె’ అంతే.

ఆ చివరి రోజు పిల్లలే ఒక పథకం వేశారు. బంతిలో ముందు చాప వేశారు. వంటామెని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. ‘ఇదేటి, నాకు వద్దు బాబూ’ అని లేవబోయింది. లేవనివ్వలేదు. ఆమె వండిన అన్నం, సాంబారు, గుడ్డు, ఆమె కంచంలోనే వడ్డించారు. ఆమె మొహమాటంగా ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది. తలెత్తి పిల్లలందరినీ చూసి, ‘సాంబార్లో ఉప్పే లేదు కదర్రా! ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?’ అంది.

నవ్వులే నవ్వులు. మరి ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం ఇంటికి పట్టుకెళ్ళి తినేది. పిల్లలతో పాటు వేడిగా తినడం అదే మొదలు. ఆ పైఏడు బడి తెరిచాక సాంబారు బాగుపడిందని నేను సాక్ష్యం చెప్పగలను.

ఇంకా ఒక మాట ఉంది. మనం ఇంతసేపూ పిల్లలు ఇచ్చేదాని గురించే మాట్లాడుకున్నాం. మరి టీచరు ఇచ్చేది?

నేను చాక్లెట్లు పంచేదాన్ని కాదు. ఒక్కొక్కరికీ ఒక చీటీ రాసేదాన్ని. రెండే వాక్యాలు. ‘బాగా చదువుకో, వృద్ధిలోకి రా’ అని రాయకూడదని నాకు నేనే నిబంధన పెట్టుకున్నాను. అలా రాస్తే ఒకరి చీటీ ఇంకొకరికిచ్చినా సరిపోతుంది. ఆ పిల్లవాడికి తప్ప ఇంకెవరికీ అతకని మాటే రాయాలి. ‘నీళ్ళ డ్రమ్ము మీద మూత పెట్టడం ఈ ఏడాదిలో ఒక్క రోజు కూడా మర్చిపోని వాడివి నువ్వొక్కడివే.’ ‘ఒకటో తరగతి పాప ఏడిస్తే నాకంటే ముందు నువ్వే లేచావు, మూడుసార్లు చూశాను.’ ఇలాగ. చెబితే తేలికే. రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది, మనం ఎవర్ని ఏడాదంతా చూశామో, ఎవర్ని అసలు చూడలేదో. కొంతమంది పేరు దగ్గర నా పెన్ను ఆగిపోయేది. అప్పుడు మిగిలిన నాలుగు రోజులూ ఆ పిల్లల్నే చూస్తూ కూర్చునేదాన్ని.

నీళ్ళ డ్రమ్ము పిల్లవాడి ఇంటికి తర్వాతెప్పుడో జనాభా లెక్కల పని మీద వెళ్ళాను. వాళ్ళ నాన్న ప్లాస్టిక్ కవరు తీసి రేషన్ కార్డు చూపించాడు. దాని వెనకాల ఆ చీటీ ఉంది. ‘ఇదేటో మీరే సదవండి, గుంటడు ఎవులికీ ఇవ్వడు’ అన్నాడు. చదివాను. ఆయన విని, ‘మూతా?’ అని కాసేపు ఆలోచించి, ‘ఇంటికాడ మాత్రం ఒక్క మూతా ఎయ్యడు’ అన్నాడు.

చివరిగా ఒక కానుక సంగతి. 2018 అక్టోబరు 11. ఆ తారీకు ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. తిత్లీ తుఫాను. ఆ తెల్లవారుజామున పడుకున్న కొబ్బరి చెట్లు లేవలేదు. జీడి తోటలు వేళ్ళతో సహా పెళ్ళగిలిపోయాయి. పిల్లల చదువు, ఊరి కూలి, పెళ్ళిళ్ళు, అన్నీ ఆ చెట్ల మీద ఆధారపడ్డవే. ఆ ఏటి చదువు ఎలా నడిచిందో చెప్పడానికి ఇంకో ప్రసంగం కావాలి.

2019 ఏప్రిల్ వచ్చింది. మా నిబంధన పిల్లలకి తెలుసు. కోసింది, ఏరింది, చేసింది. కాని ఆ ఏడు కోయడానికి ఏముంది? పిల్లల చొక్కాల మీద మరకలే లేవు. చివరి రోజు ఐదో తరగతి కుర్రాడొకడు వచ్చి నా చేతిలో ఒక జీడిపిక్క పెట్టాడు. ఒక్కటే పిక్క. ‘ఒరిగిపోయిన చెట్టుకే కాసింది టీచర్, పాతండి’ అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

బడికి రెండిళ్ళ అవతలే నేను అద్దెకుండేదాన్ని. పగిలిన బకెట్లో మట్టి పోసి పాతాను. రోజూ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నీళ్ళు పోశాను. మే నెల గడిచింది. జూన్ వచ్చింది. మొలవలేదు.

బడి తెరిచిన వారానికి వాడు టీసీ కోసం వచ్చాడు. టీసీ తీసుకుని తిన్నగా మా పెరట్లోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను, హోంవర్కు చేయని పిల్లలాగ. బకెట్లో వేలు పెట్టి కెలికాడు. పిక్క పైకి తీశాడు. మెత్తగా కుళ్ళిపోయింది.

‘తలకిందులుగా పాతీసినారు టీచర్. తొడిమ ఇలగ పైకుండాల’ అన్నాడు. నేను మాట్లాడలేదు. వాడు నిక్కరు జేబులోంచి ఇంకో పిక్క తీశాడు. ‘గ్లాసుతో నీళ్ళు తెండి’ అన్నాడు. తెచ్చాను. గ్లాసులో పడేశాడు. మునిగింది. ‘మునిగిందే మొలుస్తాది. తేలింది మొలవదు. మా మామ్మ సెప్పింది’ అన్నాడు. రాత్రంతా నానబెట్టమన్నాడు. కొంచెం వాలుగా పెట్టమన్నాడు. చూపుడు వేలు రెండు కణుపుల లోతు చూపించాడు. ‘రోజూ రెండుసార్లు పొయ్యకండి. మట్టి ముట్టుకుని సూసి, ఎండితేనే పొయ్యాల’ అన్నాడు.

‘అలాగేనండీ మాస్టారూ’ అన్నాను.

వాడు నవ్వలేదు. ‘రెండు వారాలాగి వస్తాను, సూస్తాను’ అని, టీసీ చొక్కాలో దాచుకుని వెళ్ళిపోయాడు.